పరచిన ఉత్తరం

వాక్యభాగము: 2 రాజులు 18:13 – 19:37
కలిపి చదవవలసినవి: 2 దినవృత్తాంతములు 32:1–8, 30, యెషయా 22:8–11, యెషయా 30:15–16, ఫిలిప్పీయులకు 4:6–7





"దేవుడి మీద భారం వేశాం." ఈ మాట మనం ఎన్నిసార్లు అంటామో లెక్కలేదు. ఊళ్ళో ఉన్న అమ్మతో ఫోన్లో అంటాం. ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర అంటాం. ప్రార్థన మనవి చెప్పి, చివర ఈ మాటతో ముగిస్తాం. ఇంటికి వచ్చాక రాత్రి పన్నెండింటికి మళ్ళీ ఫోన్ తెరిచి కేసు స్టేటస్ చూస్తాం. వీసా బులెటిన్ వచ్చే రోజుల్లో పూటకు నాలుగుసార్లు చూస్తాం. నాన్నగారు మందులు వేసుకున్నారో లేదోనని ఇండియాలో ఇంటి హాల్లో పెట్టించిన కెమెరాలో చూస్తాం. భారం దేవుడి మీద వేశామన్న మాట నిజమే కావచ్చు. దానికి కట్టిన తాడు మాత్రం మన చేతిలోనే ఉంది.

అందుకే మనలో చాలామందికి ప్రార్థన ఉంది, సమాధానం లేదు. వాక్యం తెలుసు, నిద్ర పట్టదు.

మరి అప్పగించడం అంటే ఏమిటి? చేతులెత్తేసి కూర్చోవడమా? ఏమీ పట్టనట్టు ఉండటమా? ఈ ప్రశ్నకు ఒక మంచి జవాబు యూదా రాజైన హిజ్కియా జీవితంలో దొరుకుతుంది. ఆయనకు ఒక ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరాన్ని ఆయన ఏమి చేశాడో ఈ పాఠంలో నిదానంగా చూద్దాం.

1. ఉత్తరం వెనుక ఉన్న భయం

అది క్రీ.పూ. 701వ సంవత్సరం. అష్షూరు రాజైన సన్హెరీబు పెద్ద సైన్యంతో యూదా మీదికి వచ్చాడు. ప్రాకారాలు గల పట్టణాలన్నింటినీ పట్టుకున్నాడని బైబిలు చెబుతోంది (2 రాజులు 18:13). సన్హెరీబు కూడా ఈ దండయాత్ర సంగతి మట్టి పట్టకాల మీద రాయించుకున్నాడు. వాటిలో ఒకటి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. యూదాలో 46 బలమైన పట్టణాలను పట్టుకున్నానని, హిజ్కియాను పంజరంలో పక్షిలాగ యెరూషలేములో బంధించానని అందులో గొప్పలు చెప్పుకున్నాడు. లాకీషు పట్టణాన్ని ఎలా కూల్చారో, జనాన్ని ఎలా చెరపట్టుకుపోయారో నీనెవెలోని తన రాజభవనపు గోడల మీద రాతిలో చెక్కించాడు. ఆ రాతిఫలకాలు కూడా అదే మ్యూజియంలో ఉన్నాయి. లండన్‌కు వెళ్ళే పని పడితే మీ పిల్లలకు తప్పకుండా చూపించండి. హిజ్కియా భయపడింది ఊహించుకున్న శత్రువుకు కాదని వారికి అర్థమవుతుంది.

మన భయాలు కూడా అన్నీ ఊహలు కావు. హెచ్-1బి మీద ఉన్న వ్యక్తి ఉద్యోగం పోతే, మరో దారి చూసుకోవడానికి చట్టం ఇచ్చేది సాధారణంగా 60 రోజులకు మించని గడువు. గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి వల్ల, ఇండియాలో పుట్టినవారు ఏళ్ళ తరబడి వరుసలో నిలబడుతున్నారు. ఆ వరుస కదిలేలోపు పిల్లలకు 21 ఏళ్ళు నిండితే వారి హెచ్-4 హోదా పోతుంది. పాలు తాగే వయసులో ఇక్కడికి వచ్చిన బిడ్డ, ఇదే తన ఊరనుకున్న బిడ్డ, ఎక్కడికి పోవాలో తెలియక నిలబడతాడు. ఇలాంటి ఇంటికి వెళ్ళి "భయపడకండి" అని ఊరికే అనేస్తే సరిపోదు. దేవుని వాక్యం కూడా అలా అనదు. ముందు శత్రువు ఎంత పెద్దవాడో దాచకుండా చెప్పి, ఆ తరువాత దేవుడెవరో చూపిస్తుంది.

2. కొనుక్కున్న సమాధానం నిలవదు

హిజ్కియా మొదట ప్రార్థించాడనే మనం అనుకుంటాం. రాజుల గ్రంథం చెప్పే క్రమం అది కాదు. ఆయన ముందుగా లాకీషులో ఉన్న సన్హెరీబుకు కబురు పంపాడు. తప్పు నాదే, వెనక్కి వెళ్ళిపో, నీవు ఎంత మోపితే అంత కడతానన్నాడు. సన్హెరీబు 300 తలాంతుల వెండి, 30 తలాంతుల బంగారం అడిగాడు. తలాంతు అంటే 30 కిలోల పైమాటే కాబట్టి, బంగారమే దాదాపు ఒక టన్ను. హిజ్కియా ఖజానా ఊడ్చి ఇచ్చాడు. అది చాలక, ఆలయపు తలుపులకు, స్తంభాలకు తాను స్వయంగా వేయించిన బంగారాన్ని కూడా ఊడదీసి ఇచ్చాడు (18:14–16).

అయినా సైన్యం వచ్చింది. తరువాతి వచనంలోనే అష్షూరు సేనాధిపతులు యెరూషలేము గోడ దగ్గర నిలబడి ఉన్నారు.

ఇక్కడ కొంచెం ఆగుదాం. పరిస్థితి మన చేతుల్లోంచి జారిపోతుందనిపించినప్పుడు మనం కూడా ఏదో ఒకటి ఊడదీసి ఇవ్వడం మొదలుపెడతాం. ఉద్యోగం నిలవాలని ఆదివారాలు ఇచ్చేస్తాం. తరువాత కుటుంబ ప్రార్థన ఇచ్చేస్తాం. తరువాత నిద్ర, ఆ తరువాత ఒంటి ఆరోగ్యం. పిల్లవాడు పెద్ద కాలేజీలో సీటు సంపాదించాలని వాడి బాల్యాన్నే ఇచ్చేస్తాం. ఇవేవీ శత్రువు దోచుకుపోలేదు. మన చేతులతో మనమే తలుపుల మీది బంగారం గీకి ఇచ్చాం. ఎంత ఇచ్చినా భయానికి ఆకలి తీరదు. ఈ ప్రాజెక్టు ఒడ్డెక్కితే చాలు అనుకుంటాం, ఆ మర్నాడే ఇంకొకటి వచ్చి గోడ దగ్గర నిలబడుతుంది.

మీ ఇంటి తలుపు మీద ఏ బంగారం కనబడటం లేదో ఈ వారం ఒకసారి చూడండి.

3. సొంత భాషలో మాట్లాడే భయం

గోడ దగ్గరికి వచ్చిన రబ్షాకే యూదుల భాషలోనే మాట్లాడాడు. రాజు తరపున వెళ్ళిన ఎల్యాకీము, షెబ్నా, యోవాహులు, దయచేసి అరామిక్ భాషలో మాట్లాడండి, గోడ మీద ఉన్న జనం వింటున్నారని బ్రతిమాలారు. వాడు ఇంకా గొంతు పెంచి, జనానికి అర్థమయ్యే మాటల్లోనే చెప్పాడు (18:26–28).

భయం ఎప్పుడూ మన సొంత భాషలోనే మాట్లాడుతుంది. ఆఫీసులో ఇంగ్లీషులో వచ్చిన ఈమెయిలు రాత్రికి తెలుగులోకి మారుతుంది: "నలుగురిలో తలెత్తుకుని ఎలా తిరుగుతావు? ఊళ్ళో ఏమనుకుంటారు? తోడల్లుడు ఇల్లు కొన్నాడు, నీవేం చేశావు?" ఆ గొంతు మన ఇంటిపేరుతో సహా మనల్ని ఎరుగును.

రబ్షాకే బెదిరించి ఊరుకోలేదు, ఒక ఆశ కూడా చూపించాడు. నాతో సంధి చేసుకుంటే ఎవరి ద్రాక్షచెట్టు ఫలం వారు తింటారు, ఎవరి బావి నీళ్ళు వారు తాగుతారు, ఆ పైన మీ దేశంలాంటి మరో దేశానికి తీసుకుపోతానన్నాడు (18:31–32). అంటే, చెరను కూడా స్థిరపడటంలాగ చూపించాడు. యెహోవాను నమ్ముకోవద్దు, నన్ను నమ్ముకుంటే సుఖంగా ఉంటారని ఆ మాటల సారాంశం.

జనం ఏమన్నారు? ఏమీ అనలేదు. జవాబివ్వవద్దని రాజు ముందే ఆజ్ఞ ఇచ్చాడు (18:36). ప్రియులారా, ఈ మౌనాన్ని చిన్నచూపు చూడకండి. భయంతో వాదించి గెలిచినవారు లేరు. అది ఒక ప్రశ్న వేస్తే మనం జవాబు చెబుతాం, అది ఇంకో నాలుగు వేస్తుంది. తెల్లవారుతుంది. కొన్ని రాత్రులు మనం చేయగలిగిన గొప్ప విశ్వాస కార్యం, ఆ గొంతుకు జవాబివ్వకుండా ఉండటమే.

4. ఆయన ఉత్తరాన్ని పరచాడు

తరువాత సన్హెరీబు దూతల చేత ఉత్తరం పంపాడు. హిజ్కియా దాన్ని అందుకున్నాడు, చదివాడు, యెహోవా మందిరానికి వెళ్ళాడు, యెహోవా సన్నిధిలో దాన్ని విప్పి పరచాడు (19:14). ఈ ఒక్క వచనంలో అప్పగించడం అంటే ఏమిటో ఉంది. మూడు సంగతులు గమనించండి.

మొదటిది, ఆయన ఉత్తరాన్ని చదివాడు. చించేయలేదు, తలగడ కింద దాచలేదు. బ్యాంకు కవరు తెరవకుండా సొరుగులో పడేయడం, స్కాన్ రిపోర్టు తీసుకోవడానికి వెళ్ళకుండా వాయిదా వేయడం విశ్వాసం కాదు. ప్రార్థనలో కూడా హిజ్కియా నిజం దాచలేదు. అవును ప్రభువా, అష్షూరు రాజులు ఆ దేశాలను పాడుచేసిన మాట వాస్తవమే అని ఒప్పుకున్నాడు (19:17). విశ్వాసం లెక్కలు తెలియనట్టు నటించదు.

రెండవది, ఆయన ఉత్తరాన్నే తీసుకెళ్ళాడు. మనం సాధారణంగా ఉత్తరాన్ని ఇంట్లో ఉంచి, దాని గురించి నాలుగు మంచి మాటలు దేవునికి చెప్పి వస్తాం. "ప్రభువా, మా పరిస్థితులు నీకు తెలుసు" అంటాం. హిజ్కియా అక్షరం అక్షరం కనబడేలా పరచి, ప్రభువా చెవి యొగ్గి విను, కన్నులు తెరిచి చూడు అన్నాడు (19:16). దేవునికి తెలియదని ఆయన అలా చేయలేదు. దాచుకున్నది మనం మోస్తూనే ఉంటాం కాబట్టి అలా చేశాడు. పేతురు మన చింత యావత్తు దేవుని మీద వేయమని చెప్పినప్పుడు వాడిన గ్రీకు క్రియాపదం, శిష్యులు గాడిదపిల్ల మీద తమ బట్టలు వేసినప్పుడు లూకా వాడినదే (1 పేతురు 5:7, లూకా 19:35). ఆ బట్టలు ఇక గాడిదపిల్ల మీద ఉన్నాయి, శిష్యుల భుజాల మీద లేవు. భారం వేయడమంటే అంత సూటి సంగతి.

మూడవది, ఆయన మాట మారింది. మొదటిసారి రబ్షాకే మాటలు విన్నప్పుడు హిజ్కియా యెషయా ప్రవక్త దగ్గరికి మనుషులను పంపి, "నీ దేవుడైన యెహోవా" అన్నాడు (19:4). ఉత్తరం పరచిన రోజున "మా దేవా" అన్నాడు (19:19). ఇతరుల చేత ప్రార్థన చేయించుకోవడం మంచిదే. ఆ రాజు కూడా చేయించుకున్నాడు. అయినా ఏదో ఒక రోజు ఆ ఉత్తరం పట్టుకుని మన కాళ్ళ మీద మనమే సన్నిధికి వెళ్ళాలి. పాస్టరుగారి దేవుడు, అమ్మ దేవుడు, మన దేవుడయ్యేది అక్కడే.

ప్రార్థన చివర ఆయన అడిగిన కారణం కూడా చూడండి. మమ్మల్ని రక్షించు, నీవే దేవుడవని లోకరాజ్యాలన్నీ తెలుసుకోవాలి అన్నాడు. ఉత్తరం చదివినప్పుడు ఆయన మనసులో ఉన్న మొదటి పేరు సన్హెరీబు. ప్రార్థన ముగిసేసరికి ఆ చోట యెహోవా ఉన్నాడు. బయట సైన్యం అంగుళం కదలలేదు. ఉత్తరంలో ఒక్క అక్షరం మారలేదు. రాజు మనసులో సింహాసనం మీద ఎవరున్నారో, అది మారింది. సమాధానం మొదలయ్యేది అక్కడే.

5. గాలిలో దీపం కాదు

"అన్నీ దేవుడే చూసుకుంటాడు" అని చేయవలసిన పని కూడా మానేసేవారు ఉంటారు. గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అన్నట్టు ఉంటుంది వారి వ్యవహారం. హిజ్కియా అలాంటివాడు కాడు. పట్టణం బయట ఉన్న ఊటలు శత్రువుకు దొరకకుండా పూడ్పించాడు. పడిపోయిన గోడ కట్టించాడు. గీహోను ఊట నీళ్ళను పట్టణంలోకి మళ్ళించాడు (2 దినవృత్తాంతములు 32:3–5, 30). హిజ్కియా సొరంగమని పిలిచే ఆ మార్గం యెరూషలేములో నేటికీ ఉంది. రాతిని తొలిచిన దాని పొడవు సుమారు 533 మీటర్లు. 1880లో దాని గోడ మీద ఒక పురాతన హీబ్రూ శాసనం దొరికింది. రెండు వైపుల నుంచి తవ్వుకుంటూ వచ్చిన పనివాళ్ళు, మధ్యలో ఒకరి గొంతు ఒకరికి వినబడి ఎలా కలుసుకున్నారో అందులో రాసి ఉంది. ఆ శాసనం ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది.

కాబట్టి రెజ్యూమె సరిదిద్దుకోవడం, లాయరును కలవడం, ఖర్చు తగ్గించుకోవడం అవిశ్వాసం కాదు. అవి మన సొరంగాలు. తవ్వండి. హిజ్కియాకు జబ్బు చేసినప్పుడు దేవుడు స్వస్థపరుస్తానని మాట ఇచ్చాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు (2 రాజులు 20:5–7). ప్రార్థనా ఉంది, మందూ ఉంది. వారాల తరబడి నిద్ర లేక, బ్రతకాలన్న ఆశే సన్నగిల్లుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అది దేవుణ్ణి నమ్మకపోవడం కాదు. అలాగే, ఇంట్లో దెబ్బలు తింటున్న సహోదరితో "దేవునికి అప్పగించి ఓర్చుకో" అని ఎవరూ అనకూడదు. మనల్ని మనం అప్పగించుకునేది దేవునికి, దుర్మార్గానికి కాదు. ఆమెను క్షేమమైన చోటికి చేర్చడం సంఘం తవ్వవలసిన సొరంగం.

మరి తేడా ఎక్కడుంది? యెషయా 22వ అధ్యాయం చెబుతుంది. యెరూషలేమువారు ఆయుధాలు చూసుకున్నారు, ఇళ్ళు లెక్కపెట్టి కొన్నిటిని పడగొట్టి గోడ గట్టి చేశారు, రెండు గోడల మధ్య నీళ్ళకు చెరువు కట్టారు. అయితే దీన్నంతా చేయించిన దేవునివైపు మాత్రం చూడలేదని ప్రవక్త దుఃఖపడతాడు (22:8–11). గోడ కట్టినందుకు ఆయన గద్దించలేదు, చెరువు తవ్వినందుకూ కాదు. కట్టేటప్పుడు, తవ్వేటప్పుడు కన్నులు ఎక్కడున్నాయన్నదే ఆయన ప్రశ్న. ఒకే సొరంగాన్ని ఇద్దరు తవ్వవచ్చు. ఒకడు ఇది తప్ప నాకు దిక్కు లేదని తవ్వుతాడు. ఇంకొకడు నీళ్ళిచ్చే దేవుడున్నాడని తవ్వుతాడు. అలసట ఇద్దరికీ ఒకటే. రాత్రి గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకునేవాడు రెండోవాడు.

6. మూడేళ్ళ గురుతు

దేవుడు హిజ్కియా ప్రార్థన విన్నాడు. సన్హెరీబు ఈ పట్టణంలోకి రాడు, వచ్చిన దారినే తిరిగిపోతాడని యెషయా ద్వారా చెప్పాడు. దానితోపాటు ఒక గురుతు ఇచ్చాడు: ఈ సంవత్సరం దానంతట అది మొలిచినది తింటారు, రెండో సంవత్సరం దాని నుంచి వచ్చినది తింటారు, మూడో సంవత్సరం విత్తి కోస్తారు, ద్రాక్షతోటలు నాటుతారు (19:29).

ఆ రాత్రే దేవదూత అష్షూరు దండుపేటలో 1,85,000 మందిని హతం చేశాడని మనం ఉత్సాహంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. అయితే శత్రువు పోయిన తరువాత కూడా పొలాలు తొక్కివేయబడి ఉన్నాయి. పంట మామూలుగా చేతికి రావడానికి మూడో ఏడు రావాలి. ఆ మధ్య కాలంలో వారు తినబోయేది వారు విత్తినది కాదు, దేవుడు మొలిపించినది. సన్హెరీబు తన కుమారుల చేతిలో చావడం కూడా చాలా ఏళ్ళ తరువాత, క్రీ.పూ. 681లో జరిగింది. వాక్యంలో ఒక్క వచనం, చరిత్రలో ఇరవై ఏళ్ళు.

మీరిప్పుడు మొదటి సంవత్సరంలో ఉన్నారేమో. ఉద్యోగం ఇంకా దొరకలేదు. సంఘంలో ఎవరో బియ్యం బస్తా తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళారు. స్నేహితుడు ఒక నెల అద్దె సర్దాడు. అవి తీసుకోవడానికి మనకు సిగ్గు. నా కష్టార్జితం కాదు కదా అనుకుంటాం. ప్రియులారా, అదే దానంతట అది మొలిచిన పంట. వంగి కోసుకోండి. అప్పగించుకున్నవారు నేర్చుకోవలసిన కష్టమైన పాఠాల్లో ఇదొకటి: ఇవ్వడానికి అలవాటుపడిన చేతులు పుచ్చుకోవడం నేర్చుకోవాలి.

7. లాకీషు సంగతి ఏమిటి?

ఒక ప్రశ్న ఇక్కడ దాటేయకూడదు. యెరూషలేము తప్పించుకుంది, లాకీషు కూలిపోయింది. లాకీషులో ప్రార్థించినవారు ఒక్కరూ లేరా? ఒకే సంఘంలో ఇద్దరు ఉపవాసముండి ప్రార్థిస్తే, ఒకరికి గ్రీన్ కార్డు వచ్చింది, ఇంకొకరు సామాను అమ్ముకుని పిల్లలతో విమానం ఎక్కారు. ఒకరి తల్లి ఐసీయూ నుంచి నడిచి వచ్చింది, ఇంకొకరు ఆఖరి చూపుకు కూడా అందుకోలేకపోయారు. వెనక్కి వెళ్ళినవారి విశ్వాసం తక్కువైందా?

అలా అనడానికి బైబిలు మనకు అధికారం ఇవ్వదు. హిజ్కియా తరువాత సుమారు నూరేళ్ళకు అదే యెరూషలేము బబులోను చేతిలో కూలిపోయింది. అంతకుముందే చెరకు వెళ్ళినవారికి యిర్మీయా ఒక ఉత్తరం రాశాడు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉందన్నాడు (యిర్మీయా 29:5–7). ఒక తరానికి దేవుడు గోడల లోపల సమాధానమిచ్చాడు, మరో తరానికి గోడలు పోయాక ఇచ్చాడు. ఇచ్చిన దేవుడు ఒక్కడే.

అందరికంటె ఎక్కువగా మన ప్రభువును చూడండి. గెత్సేమనేలో ఆయన కూడా తన ముందున్న గిన్నెను తండ్రి ఎదుట పెట్టాడు. దీన్ని తొలగించమని అడిగాడు. అడగడం తప్పు కాదని అక్కడ మనకు తెలుస్తుంది. అదే మాట చెబుతూ మూడుసార్లు ప్రార్థించాడు (మత్తయి 26:44). ఒక్కసారి అప్పగించగానే మనసు కుదుటపడలేదని బాధపడేవారు ఇది గుర్తుంచుకోండి. ఆ రాత్రి దేవదూత వచ్చాడు, సైన్యాన్ని హతం చేయడానికి కాదు, ఆయనను బలపరచడానికి (లూకా 22:43). గిన్నె తొలగలేదు. ఆయన లేచి, తనను పట్టుకోవడానికి వచ్చినవారికి ఎదురు వెళ్ళాడు. ఆ గిన్నె ఆయన తాగాడు కాబట్టే, మన ఉత్తరంలో ఏమి రాసి ఉన్నా "దేవుడు నిన్ను విడిచిపెట్టాడు" అన్న మాట మాత్రం అందులో ఉండదు.

పౌలు ఫిలిప్పీయులకు రాసింది కూడా సంకెళ్ళలో ఉండే. దేనికీ చింతపడకుండా ప్రతి విషయం కృతజ్ఞతతో దేవునికి తెలియజేయమని, అప్పుడు బుద్ధికి అందని దేవుని సమాధానం మన హృదయాలకూ తలంపులకూ కావలి ఉంటుందని చెప్పాడు. కావలి అని మన బైబిలులో ఉన్న చోట గ్రీకులో ఉన్నది సైనికుల మాట, పట్టణానికి కాపలా పెట్టడమని. పౌలు దగ్గర కాపలావాళ్ళు ఉన్నారు, ఆయన బయటికి పోకుండా. దేవుని సమాధానం కూడా కాపలా ఉంది, భయం లోపలికి రాకుండా. అడిగినవన్నీ దొరుకుతాయని ఆ వచనాల్లో లేదు. అడిగినవాని హృదయానికి కాపలా ఉంటుందని ఉంది.

8. ఈ వారం మనం చేయగలిగినది

అ) మీ ఉత్తరాన్ని బయటికి తీయండి. అది ఈమెయిలు కావచ్చు, రిపోర్టు కావచ్చు, అప్పు లెక్క కావచ్చు. వీలైతే ప్రింటు తీసి, కుటుంబ ప్రార్థనలో బల్ల మీద పరచండి. భార్యకో భర్తకో ఇంతవరకు చెప్పకపోతే ముందు వారికి చూపించండి. పిల్లలకు వారి వయసుకు తగినంత చెప్పండి. ఇంట్లో ఏదో జరుగుతోందని వారికి ఎలాగూ తెలుసు.

ఆ) ఒక కాగితం మీద రెండు వరుసలు రాయండి. ఒకవైపు నేను తవ్వవలసిన సొరంగం, రెండోవైపు నా చేతిలో లేనివి. మొదటి వరుసకు రోజులో కొంత సమయం కేటాయించి పని చేయండి. రెండో వరుసను పేరు పేరునా చెప్పి దేవునికి అప్పగించండి.

ఇ) ఒక్కరికైనా చెప్పండి. హిజ్కియా గోనెపట్ట కట్టుకుని ఆ స్థితిలోనే తన మనుషులను యెషయా దగ్గరికి పంపాడు. రాజుకే పరువు అడ్డు రాలేదు. ఉద్యోగం పోయి రెండు నెలలైనా, ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని "అంతా బాగుంది బ్రదర్" అనేవారు మన పక్క కుర్చీలోనే ఉండవచ్చు. చెప్పుకోగలిగిన చోటుగా మన సంఘం ఉండాలి. విన్నవారు ఆ మాట నాలుగిళ్ళు తిప్పకూడదు.

ఈ) రాత్రి ఒక వేళ పెట్టుకుని ఫోన్ వేరే గదిలో పెట్టేయండి. స్టేటస్ చూసినంత మాత్రాన అది మారదు. ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు, నిద్రపోడు (కీర్తన 121) కాబట్టి మనం నిద్రపోవచ్చు.

ఉ) మర్నాడు పొద్దున్న భయం మళ్ళీ వస్తే, ఓడిపోయామనుకోకండి. ఉత్తరాన్ని మళ్ళీ పరచండి.

ధ్యానానికి, చర్చకు ప్రశ్నలు

1. ఈ ఏడాది సమాధానం కొనుక్కోవడానికి మీరు ఏ "తలుపు మీది బంగారం" ఊడదీసి ఇచ్చారు?
2. భయం మీతో మీ సొంత భాషలో ఏ మాటలు అంటుంది? వాటికి జవాబివ్వకుండా ఉండటం మీకు ఎలా సాధ్యం?
3. హిజ్కియా గోడ కట్టాడు, ప్రార్థనా చేశాడు. మీరు ఈ రెంటిలో దేనివైపు ఎక్కువగా ఒరిగిపోతారు?
4. మీ ప్రార్థనకు అనుకున్న జవాబు రాని సందర్భంలో గెత్సేమనే మీకు ఏమి చెబుతోంది?
5. కష్టంలో ఉన్నవారు ధైర్యంగా చెప్పుకోగలిగేలా మన సహవాసంలో ఏమి మారాలి?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, భూమ్యాకాశాలను కలుగజేసిన దేవా, మా చేతిలో ఉన్న ఈ ఉత్తరాన్ని నీ సన్నిధిలో పరుస్తున్నాము. ఇందులో రాసి ఉన్నది నిజమే, మేము దాచము. మా చేతులకు నీవిచ్చిన పనిని నమ్మకంగా చేసే బలము దయచేయుము. మా చేతిలో లేనిదాన్ని పట్టుకుని వేలాడే ఈ వేళ్ళను నీవే మెల్లగా విప్పుము. గిన్నె తొలగితే నిన్ను స్తుతిస్తాము, తొలగకపోతే నీవు మాతో ఉండుము. దూరదేశంలో ఉన్న మా కుటుంబాలకు, ఊళ్ళలో ఉన్న మా పెద్దలకు నీ సమాధానం కావలి ఉండును గాక. మా కొరకు ఆ గిన్నె తాగిన యేసుక్రీస్తు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.